పంతులమ్మ ఎడమకాలు

కళ్ళ పరీక్ష కోసం పోయిన నెల నెల్లూరులో ఒక ఆసుపత్రికి వెళ్ళాను. చుక్కల మందు వేసి, కళ్ళు మూసుకుని బెంచీ మీద కూచోమన్నారు. అట్లా కూచుని ఉంటే పక్కన ఎవరో ఆడమనిషి వచ్చి నిలబడిన అలికిడి అయింది.

"సార్, మీరు ఒకప్పుడు ఉదయగిరిలో చేసిన డాక్టరుగారు కదా?"

కళ్ళు తెరవకుండానే అవునన్నాను.

"నేను ఇక్కడ నర్సును సార్. మాది ఆత్మకూరు. మీరొకసారి మా బడికొచ్చి బోర్డు మీద రక్తనాళాల బొమ్మేసినారు. రెండో వరసలో కూచోనుంటిని నేను. మా పంతులమ్మ చనిపోయింది సార్, ఇరవై రోజులైంది."

ఎట్లా పోయిందని అడిగాను.

"పొద్దున్నే లేచి కాలికి గుడ్డ చుట్టుకుంటా ఉండిందంట. ఊపిరాడటంలేదన్నదంట. పక్కింటామె మంచినీళ్ళు తెచ్చేలోపల అయిపోయింది."

ఏం జరిగిందో నాకు తెలిసిపోయింది. కాలిలో గడ్డకట్టిన రక్తంలోంచి ఒక ముక్క విడిపోయి, పైకెక్కి, ఊపిరితిత్తిలో అడ్డం పడింది. ఏ కాలని నేను అడగలేదు.

"మిమ్మల్ని ఒకసారి తలుచుకునింది సార్. నేను నర్సు ట్రైనింగుకు పోయేటప్పుడు. ఆ డాక్టరు బొమ్మ బాగా వేస్తాడు అనింది."

అంతేనా, ఇంకేమైనా అన్నదా అని అడగబోయి మానుకున్నాను. కళ్ళలో మందు ఉండటం మంచిదైంది.

పంతులమ్మ పేరు ఇక్కడ రాయను. ఒకసారి నా చేత్తో, సర్కారు ముద్ర ఉన్న కాగితం మీద ఆ పేరు రాశాను. అది చాలు.

ఉదయగిరికి నేను వెళ్ళేనాటికి స్వాతంత్ర్యం వచ్చి రెండేళ్ళు కూడా కాలేదు. ఎల్.ఎం.పి. అనే చిన్న డాక్టరు చదువు ప్యాసై, ఇరవై ఆరేళ్ళ వయసులో, కొండ కింద ఆ రెండు గదుల ఆసుపత్రికి డాక్టరుగా చేరాను. ముందు వరండా. లోపల ఒక గదిలో నేను, ఇంకో గదిలో మందులు. కాంపౌండరు మా నాయన ఈడువాడు. ఊళ్ళో ఎవరికి ఏ నొప్పో, అది ఎన్నాళ్ళ నుంచి ఉందో వాళ్ళు చెప్పకముందే ఆయన చెప్పేవాడు. నాకు అది నచ్చేది కాదు.

ఆ ఏడు చుట్టుపక్కల కలరా తగిలింది. ఒకరోజు పొద్దున వరండాలో గోలగా ఉంటే బయటికొచ్చి చూశాను. నలభై మంది ఆడపిల్లలు బారుగా నిలబడి ఉన్నారు. అందరికంటే ముందు ఒక సన్నపాటి మనిషి. మగవాళ్ళు పట్టుకునే పెద్ద నల్లగొడుగు చంకలో పెట్టుకుని, అప్పటికే రవికె చెయ్యి పైకి మడుచుకుని ఉంది.

"బాలికల బళ్ళో పంతులమ్మను. పిల్లలందరికీ కలరా సూది వెయ్యాలి. ముందు నాకు వెయ్యండి. నేను ఏడిస్తే వాళ్ళు పారిపోతారు, ఏడవకపోతే నిలబడతారు."

వేశాను. ఏడవలేదు. మొదటి పిల్ల చెయ్యి పట్టుకోబోతే ఆమె గొడుగు మధ్యలోకి అడ్డం వచ్చింది.

"ఆ సూది కాల్చినారా?"

"కాలుస్తాం."

"కాలుస్తామంటే కాల్చినట్టు కాదు గదా. పిల్లపిల్లకీ కాల్చండి. మాకేం తొందర లేదు, ఈ రోజు లెక్కల పరీక్ష ఎగ్గొట్టి వచ్చినాం."

పిల్లలు నవ్వారు. కాంపౌండరు నవ్వాడు. నేను స్పిరిటు దీపం వెలిగించుకుని నలభై సార్లు సూది కాల్చాను. మధ్యాహ్నం రెండు దాటింది.

ఆమెకు కూచోవడం తెలియదు. బళ్ళో పిల్లలకు జబ్బులు చూడటానికి నెలకోసారి వెళ్ళేవాణ్ణి. ఎప్పుడు వెళ్ళినా నిలబడి ఉండేది, లేకపోతే వరసల మధ్య తిరుగుతూ ఉండేది. క్లాసులో ఆమెకిచ్చిన కుర్చీలో ఎవరో ఒక చిన్నపిల్ల నిద్రపోతూ ఉండేది. "పొద్దున్నే మేకల్ని తోలి వచ్చింది, పండుకోనీ" అనేది. రోడ్డు మీద ఆమె నడుస్తుంటే వెంట నడిచేవాళ్ళు రెండడుగులకొకసారి పరిగెత్తాలి. నవ్వొస్తే ముక్కు మీద చెయ్యి పెట్టుకునేది, నవ్వు ముక్కులోంచి వస్తుందేమో అన్నట్టు.

ఆమె బడి మొత్తానికి ఒకటే పిచ్చి పట్టించింది. కంటితో చూసిన సంగతైతే మామూలుగా చెప్పాలి. చూడకపోతే చివర 'అంట' చేర్చాలి. చేర్చకపోతే నిలబెట్టి మళ్ళీ చెప్పించేది.

"కొండమీద కోట ఉండాది."

"చూసినావా?"

"చూసినాను."

"సరే. ఇంకా?"

"కోటలో పులి ఉండాది."

"చూసినావా?"

"లేదు పంతులమ్మా."

"అయితే?"

"పులి ఉండాదంట."

"కూచో."

ఊళ్ళో పెద్దవాళ్ళు కూడా దీన్ని పట్టుకుని పరాచికాలాడేవాళ్ళు. ఢిల్లీ మన రాజధాని అంట, గాంధీగారిని చంపేసినారంట అని పిల్లలు పాఠం అప్పజెప్తుంటే ఇన్‌స్పెక్టరు కోప్పడ్డాడని కూడా చెప్పుకున్నారు. ఆమె మానలేదు.

చలికాలంలో ఒక శనివారం పెద్దపిల్లల్ని కొండ ఎక్కించడానికి తీసుకుపోతూ, ఎవరికైనా కాలు బెణికితే చూడటానికి నన్నూ రమ్మంది. వెళ్ళాను. పైకెక్కాక కింద కనిపించే చెరువులన్నిటినీ గొడుగుతో చూపించి లెక్కపెట్టించింది. వరికుంటపాడు వైపు ఏది, దుత్తలూరు వైపు ఏది, ఏ ఊరు ఏ పక్క అని పిల్లల చేత చెప్పించింది. దిగేటప్పుడు ఒకచోట ఆగి, బండకు చెయ్యానించి, ఎడమ తొడ రుద్దుకుంది.

"ఈ కాలు నా మాట వినదు డాక్టరుగారూ. కుడిది బాగుంటాది. సాయంత్రమయ్యేసరికి ఇది మాత్రం ఇంకెవరిదో అరువు తెచ్చుకున్నట్టు అయిపోతాది."

ఎక్కువ నడుస్తారు కదా, అందుకే అన్నాను. ఎడమ చెప్పు పట్టీ పాదంలోకి దిగి గాడి పడి ఉంది, కుడిపాదానికి అట్లాంటిదేమీ లేదు. అది కళ్ళతో చూశాను. చూసినట్టు నాకు గుర్తుంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ కొండ దిగివచ్చాక వారం పది రోజులు ఆమెనే తలుచుకుంటూ తిరిగాను. ఏదో వంకతో బడివైపు రెండుసార్లు పోయాను. ఆమె మామూలుగా పలకరించి, మామూలుగా పంపేసింది. తర్వాత నేను చేసినదాంట్లో దీని పాలు ఎంతో ఈరోజుకీ నాకు తెలియదు. లేదని మాత్రం చెప్పలేను.

మరుసటి ఏడు వానల్లో ఊరంతా జ్వరాలు. ఒకరోజు ఒంటెద్దు బండిలో ఆమెను తెచ్చారు. బండి తోలే అతనూ, బడి ఆయా ఇద్దరూ చెరో పక్క పట్టుకుని లోపలికి తీసుకొచ్చి బల్ల మీద పడుకోబెట్టారు. గది తలుపు తెరిచే ఉంది. తలుపు వేసి పరీక్ష చేయాలన్న ధ్యాస నాకు లేదు. వరండాలో పదిమంది దాకా ఉన్నారు.

ఎడమకాలు గజ్జల దాకా వాచిపోయి ఉంది. తెల్లగా, నిగనిగలాడుతూ, చర్మం ఇంక సాగనన్నట్టు బిగిసి ఉంది. వేలితో నొక్కితే గుంట పడి అట్లాగే నిలిచిపోయింది. పక్కనే కుడికాలు ఎప్పటిలా సన్నగా ఉంది.

చూడగానే నాకు సంతోషం కలిగింది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం. ఈ జబ్బును నేను పుస్తకంలో చదివాను, పరీక్షలో దీని మీద అడిగితే గడగడా చెప్పి మార్కులు తెచ్చుకున్నాను. కాలి పెద్ద సిరలో రక్తం గడ్డకట్టి, కిందికి దిగిన రక్తం తిరిగి పైకి పోలేక కాలు తెల్లగా ఉబ్బుతుంది. బాలింతల్లో వస్తుంది. పుస్తకంలో బాలింతల అధ్యాయంలోనే ఉంది. విషజ్వరంతో మంచానపడ్డవాళ్ళకు కూడా రావచ్చని కింద చిన్న అక్షరాల్లో ఉంది. ఆ చిన్న అక్షరాలు నాకు ఆరోజు గుర్తుకు రాలేదు.

"మీకు పెళ్ళి కాలేదు కదా?"

"లేదు."

"ఎన్నాళ్ళైంది ఇది?"

"మూడు రోజులు. అంతకుముందు జరమొచ్చి ఆరు రోజులు మంచం మీదే ఉన్నాను. లేచిన రెండోనాడు పట్టుకునింది. ముందునుంచీ సాయంత్రాలు ఈ కాలు బరువుగా ఉంటాదని కొండకాడ చెప్పినాను గదా మీకు."

"అవన్నీ సరే. ఎక్కడ తీయించుకున్నావు?"

అంతదాకా 'మీరు' అన్నవాణ్ణి ఆ ఒక్క మాటతో 'నువ్వు'లోకి దిగాను. నేను దిగినట్టు ఆ క్షణంలో నాకే తెలియలేదు. పక్కగదిలో కల్వంలో మందు నూరుతున్న కాంపౌండరు చెయ్యి ఆగిపోయింది. వరండాలో మాటలు ఆగిపోయాయి.

ఆమెకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక మొహం నావైపు తిప్పింది. ఏడవలేదు, అరవలేదు.

"డాక్టరుగారూ, నేను కాలు చూడమని వచ్చినాను."

"చూశాను కాబట్టే అడుగుతున్నా."

"ఒక కాలే చూసినారు. రెండోది కూడా చూడండి. మీరనేదే నిజమైతే రెండూ వాచొద్దా? ఒకటే ఎందుకు వాచింది? అదీ ఎడమదే ఎందుకు?"

మా పుస్తకంలో ఎక్కువగా ఎడమకాలికే వస్తుందని ఉంది, ఎందుకో లేదు. చదివేటప్పుడు ఎందుకని నాకు తోచలేదు.

"అదంతా మాకు తెలుసు. నువ్వు నిజం చెప్తే మందు సరిగ్గా ఇస్తాను" అన్నాను.

కాలికి మందుపట్టు వేయించి, గుడ్డ చుట్టించి, మూడు వారాలు మంచం దిగొద్దని, మంచం కాళ్ళవైపు ఇటుకలు పెట్టి ఎత్తు చెయ్యమని ఆయాకు చెప్పాను. ఆ రోజుల్లో మా దగ్గర ఉన్న వైద్యం అంతే. ఆ వైద్యంలో తప్పులేదు.

మూడోరోజు బడి మేనేజరు దగ్గరనుంచి ఒక చీటీ వచ్చింది. పంతులమ్మకు ఏం జబ్బు, ఎన్నాళ్ళు సెలవు కావాలి అని రెండే ప్రశ్నలు. జబ్బు పేరూ, ఆరు వారాలనీ రాసి పంపితే సరిపోయేది. నేను ఆమె పేరు రాసి, జబ్బు పేరు రాసి, కింద ఇంకొక వాక్యం రాశాను. ఈ జబ్బు సాధారణంగా ప్రసవమైన తర్వాత గాని, గర్భం పోయిన తర్వాత గాని వస్తుంది అని. కింద సంతకం, ముద్ర. అబద్ధమేమీ రాయలేదు, పుస్తకంలో ఉన్నదే రాశాను అని అనుకున్నాను. ఆ వాక్యం చివర 'అంట' లేదు.

వారం తిరక్కుండా ఆమెను బళ్ళోంచి తీసేశారు. విచారణ లేదు. బడి ఆవరణలో ఉన్న గది నెలాఖరుకు ఖాళీ చెయ్యమన్నారు. ఆమె గదివైపు పోవద్దని పిల్లలకు చెప్పారు. ఈ సంగతులన్నీ కాంపౌండరు మందులు సర్దుతూ, నా మొహం చూడకుండా చెప్పాడు.

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం ఆమె మళ్ళీ ఆసుపత్రికి వచ్చింది. ఈసారి బండి లేదు. ఆ నల్లగొడుగునే కర్రగా ఊతం చేసుకుని, ఎడమకాలు ఈడుస్తూ నడిచి వచ్చింది. వాపు తగ్గింది కానీ పోలేదు. పాదం నుంచి మోకాలిదాకా పాతచీర పేలికలు చుట్టి ఉన్నాయి.

నా ముందు ఒక కాగితం పెట్టింది. నెల్లూరులో ఒక లేడీ డాక్టరు రాసిచ్చినది. బొగ్గుతో నడిచే బస్సులో, కాలు మూట మీద చాపుకుని, పూటంతా ప్రయాణం చేసి వెళ్ళి పరీక్ష చేయించుకుంది. ఈమెకు ఎప్పుడూ గర్భం వచ్చిన గుర్తులు లేవు, కన్య అని స్పష్టంగా రాసి ఉంది. అట్లాంటి పరీక్షకు ఒక మనిషి తనంతట తాను పోయి పడుకోవడమంటే ఏమిటో డాక్టరుగా నాకు తెలియాలి.

"చదివినారా?"

"చదివాను."

"మేనేజరుగారికి చూపించినాను. ఉదయగిరి డాక్టరు రాసిందాన్ని నెల్లూరు డాక్టరు ఎట్లా కాదంటాది, ఆయన్నే రాయమను అన్నాడు. మీరేం పెద్దగా రాయబళ్ళేదు. ముందు రాసిందాని కింద ఇంకొక్క లైను రాయండి. ఈమెకు అట్లా కాదు, జరం వల్ల వచ్చింది అని. అంతే."

కలం నా చేతిలోనే ఉంది. సిరాబుడ్డి మూత తీసి ఉంది. ఆ లేడీ డాక్టరు రాసింది నిజమని నాకు తెలుస్తూనే ఉంది. కానీ రాస్తే, నేను తప్పు చేశానని ఊరంతా తెలుస్తుంది. ఉద్యోగంలో చేరి రెండేళ్ళు కాలేదు. ఇంక ఈ ఊళ్ళో నా మాట ఎవరు వింటారు అనిపించింది.

"ఒకసారి ఇచ్చిన సర్టిఫికెట్టు మార్చడానికి రూల్సు ఒప్పుకోవు" అన్నాను.

అట్లాంటి రూలు ఏదీ లేదు.

"ఆ రూలు మీరు చూసినారా, లేకపోతే అంటనా?" అంది.

నేను కాంపౌండరును కేకేసి, తర్వాతి మనిషిని లోపలికి పంపమన్నాను. ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. గొడుగు నేలకు ఆనించి, ఒక్కొక్క మెట్టూ దిగి వెళ్ళిపోయింది. సాయంత్రం ఆసుపత్రి తలుపులు వేస్తూ కాంపౌండరు, "రాసుంటే పోయేది గదయ్యా" అన్నాడు. నీ పని నువ్వు చూసుకో అని కసురుకున్నాను. ఆయన నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద.

దుత్తలూరు దగ్గర పల్లెలో వాళ్ళమ్మ ఒక్కతే ఉండేది. అక్కడికి వెళ్ళిపోయిందని విన్నాను. తర్వాత ఏడాదికి నాకు బదిలీ అయింది.

ఏడెనిమిదేళ్ళు గడిచాయి. మాలాంటి ఎల్.ఎం.పి. వాళ్ళు మళ్ళీ చదివి ఎం.బి.బి.ఎస్. ప్యాసు కావడానికి వీలు కల్పించారు. పెళ్ళాం పిల్లల్ని నెల్లూరులో ఉంచి నేను మద్రాసు వెళ్ళాను. నెత్తిన బట్టతల వస్తుండగా పిల్లల మధ్య కూచుని మళ్ళీ శవాలు కోయడం మొదలుపెట్టాను.

ఒకరోజు మా బల్ల మీద నడివయసు ఆడమనిషి శవం. పొట్టలో పేగులు తీసి పక్కనపెట్టి, వెన్నెముక మీద ఉన్న పెద్ద రక్తనాళాలను శుభ్రం చేస్తున్నాం. మాకు నేర్పించే డాక్టరు నాకంటే నాలుగైదేళ్ళు చిన్న. వేలు పెట్టి చూపించాడు.

గుండెనుంచి వచ్చే పెద్ద ధమని బొడ్డు దగ్గర రెండుగా చీలి, చెరొక కాలికీ పోతుంది. కాళ్ళలోంచి రక్తాన్ని పైకి తీసుకుపోయే సిరలు రెండూ దానికి కొంచెం కింద, కుడిపక్కగా వచ్చి కలుస్తాయి. అందుకని ఎడమకాలి సిర అడ్డంగా రావాలి. అట్లా వచ్చేటప్పుడు కుడికాలి ధమని దాని మీదుగా పోతుంది. కింద వెన్నెముక ఎముక, పైన కొట్టుకునే ధమని. మధ్యలో ఎడమ సిర నలుగుతుంది. కుడి సిరకు ఈ బాధ లేదు.

"ఇక్కడ చూడండి" అని ఆయన ఆ సిరను పొడుగునా కోసి తెరిచాడు. నలిగినచోట అది పలచబడి రిబ్బనులాగా ఉంది. లోపల ఒక గోడనుంచి ఇంకో గోడకు తెల్లటి పీచు పోగులు రెండు అడ్డంగా అతుక్కుని ఉన్నాయి. "పుట్టినప్పటి నుంచి అది ఇట్లా నలుగుతూనే ఉంటుంది. కొందరిలో మరీ ఎక్కువ. రక్తం నిదానంగా పోతుంది. నాలుగురోజులు మంచాన పడ్డా చాలు, గడ్డకడుతుంది. ఎడమకాళ్ళు ఎక్కువగా వాచేది ఇందుకే."

"పెళ్ళికాని ఆడవాళ్ళకు కూడా వస్తుందా?" అని అడిగాను.

ఆయన నవ్వాడు. "పెళ్ళయిందో లేదో సిరకేం తెలుసండీ?"

బల్ల చుట్టూ ఉన్న పిల్లలందరూ గొల్లుమన్నారు. వాళ్ళతోపాటు నేనూ నవ్వాను.

ఆత్మకూరులో ఒక చిన్న బళ్ళో ఆమె పంతులమ్మగా ఉందని, మా ఉదయగిరి కాంపౌండరు ఊరివాళ్ళ ద్వారా తెలిసింది. సెలవుల్లో నెల్లూరు వచ్చి, మరునాడే పొద్దున బస్సెక్కి ఆత్మకూరు వెళ్ళాను. జేబులో ఒక కాగితం పెట్టుకున్నాను. ఆమెకు వచ్చిన జబ్బుకు కారణం ఇది, నేను మునుపు రాసిన వాక్యం తప్పు అని రాసి, సంతకం చేసి తెచ్చాను.

పెంకుటింటి వసారాలో బడి. ఆమె కుర్చీలో కూచుని ఉంది. నేను ఆమెను కూచుని ఉండగా చూడటం అదే మొదలు. ఎడమకాలు ఎదురుగా ముక్కాలిపీట మీద చాపి ఉంది. చీలమండ పైన చర్మం నల్లబడి, గుడ్డ కింద మానని పుండు తడి కనిపిస్తోంది. ముప్ఫై నాలుగో ఐదో వయసుండాలి, ముందు జుట్టు సగం నెరిసింది. నన్ను గుర్తుపట్టింది. లేవలేదు.

"రండి డాక్టరుగారూ. బెంచీ మీద కూచోండి."

కూచోలేక నిలబడే చెప్పాను. మద్రాసులో చూసింది చెప్పాను. మధ్యలో ఆపి, "మళ్ళా చెప్పండి. ఏది పైన, ఏది కింద?" అంది. మళ్ళీ చెప్పాను. ఇంకా సరిగ్గా పట్టుబడలేదంది. సుద్దముక్క ఇచ్చి, "బోర్డు మీద వెయ్యండి. మా పిల్లలు కూడా చూస్తారు" అంది.

వేశాను. ఎర్రసుద్దతో ధమని, నీలంసుద్దతో సిర. పిల్లలకు అర్థమయ్యేటట్టు, రక్తం కాలికి ఎట్లా దిగుతుంది, ఎట్లా ఎక్కుతుంది, ఎక్కడ నలుగుతుంది చెప్పాను. పిల్లలు తల తిప్పకుండా విన్నారు. ఎవరి కాలు గురించి చెప్తున్నానో చెప్పలేదు. ఆమె కూడా చెప్పలేదు. బోర్డువైపే చూస్తూ తన పొత్తికడుపు ఎడమపక్కన అరచెయ్యి ఆనించి పెట్టుకుని ఉంది.

"అయితే ఇది పుట్టినప్పటి నుంచీ ఉండాదన్నమాట" అంది. "నేనేం చేసినా, చెయ్యకున్నా."

"అవును."

పిల్లల్ని బయట ఆడుకోమని పంపేసింది. అప్పుడు నా జేబులో కాగితం తీసి ఇచ్చాను. రెండుసార్లు చదివింది. మడిచి మళ్ళీ నా చేతికే ఇచ్చింది.

"దీన్ని ఎవరికి చూపీమంటారు? మేనేజరు పోయినాడు. మాయమ్మ పోయి మూడేళ్ళు."

కాగితాన్ని జేబులో పెట్టుకున్నాను.

"మాయమ్మ దినామూ నూనె కాచి ఈ కాలు పిసికేది. ఐదేళ్ళు పిసికింది. నిజమేనా మేయ్ అని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగుంటే లేదని చెప్పేదాన్ని గదా. అడక్కుండానే పోయింది. ఏమనుకోని పోయిందో."

నేను తప్పయిపోయింది క్షమించండి అన్నాను. అంతకంటే మంచి మాటలు బస్సులో అనుకుంటూ వచ్చాను, ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"నాకు చెప్పి ఏం లాభం? నేనేందో నాకు ముందే తెలుసు" అంది. "మీరు ఆ మాట అన్నప్పుడు వరండాలో పదిమంది ఉన్నారు. మా ఆయా ఉండింది. బండి తోలినతను ఉన్నాడు. మీ కాంపౌండరు ఇంకా అక్కడే ఉండాడంట. కాగితమొద్దు. ఉదయగిరి పొయ్యి, ఆ వరండాలో నిలబడుకోని, నేను ఆ పంతులమ్మ విషయంలో పొరపాటు పడినాను అని గట్టిగా చెప్పండి. ఒక్కసారి చాలు. నోటితో అన్నది నోటితోనే చెప్పాల."

"చెప్తాను" అన్నాను.

"ఎప్పుడు?"

"ఇప్పుడే పోతాను. మధ్యాహ్నం బస్సుంది కదా."

అప్పుడు ఆమె ముక్కు మీద చెయ్యి పెట్టుకుంది. నవ్విందో, ఇంకేమైనానో నాకు తెలియలేదు. ఒక పిల్లను పిలిచి నాకు మంచినీళ్ళు తెప్పించింది. వాకిలిదాకా వచ్చి సాగనంపలేనని చెప్పి, కుర్చీలోంచే దండం పెట్టింది.

బస్సులు ఆగే చోటికి నడిచాను. ఉదయగిరి బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. పైన మిరపకాయల బస్తాలు కడుతున్నారు. లోపల మేకపిల్లను ఒళ్ళో పెట్టుకుని ఒక అవ్వ, పక్కన ఒక సీటు ఖాళీ. ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టాను.

అక్కడినుంచే ఆ వరండా కళ్ళకు కట్టింది. ఇప్పుడక్కడ ఎవరో కుర్రడాక్టరు ఉంటాడు. నేనెవరో చెప్పుకోవాలి. రోగుల మధ్య నిలబడి గొంతెత్తాలి. కాంపౌండరు మందులగది గుమ్మంలోకి వచ్చి నిలబడతాడు. ఏమీ అనడు, వింటాడు. ఇంకో ఏడాదిలో నేను ఎం.బి.బి.ఎస్. అవుతాను. ఈ మాట ఉదయగిరిలో అంటే నెల్లూరు చేరడానికి ఎన్నాళ్ళు పడుతుంది?

సెలవులు ఇంకా పదిరోజులున్నాయి, రేపైనా పోవచ్చు అనుకున్నాను. కాలు కిందికి దించాను. అవ్వ పక్క సీట్లో ఇంకెవరో వచ్చి కూచున్నారు. బస్సు దుమ్ము లేపుకుంటూ పోయింది. ఆ రేపు రాలేదు. ఆ తర్వాత ఆమె చాలా ఏళ్ళు బతికింది, నేను ఉదయగిరి పోలేదు. పోయానో లేదో కనుక్కోవడానికి ఆమె ఎవర్నీ పంపలేదు, ఒక ఉత్తరమైనా రాయలేదు.

ఆరోజు అవతలి పక్కన ఇంకో బస్సు నిలబడి ఉంది. ఎక్కి, కిటికీ పక్కన కూచున్నాను. కండక్టరు టిక్కెట్ల పుస్తకం తీసి వచ్చాడు.

"యాడికి సార్?"

"నెల్లూరు" అన్నాను.